పసుపెక్కిన వరి: టుంగ్రో అని తేల్చడానికి ఏ ఆధారం చాలు?

గోదావరి డెల్టాలోని పెనుగొండ ప్రాంతపు వరిచేలలో ఆకు పసుపెక్కితే టుంగ్రో అనే వైరస్ తెగులు సోకిందన్న అనుమానం సహజం. డెల్టా నేలల్లో జింకు లోపం కూడా సాధారణమే కనుక, ఆకు రంగు ఒక్కటే సాక్ష్యంగా చాలదు.

1. టుంగ్రో మూలం గురించి భిన్న కథనాలున్నాయి. ఇండోనేషియాలో 19వ శతాబ్దం నుంచి ‘మెంటెక్’ అని, మలయాలో 1938 నుంచి ‘పెన్యాకిట్ మేరా’ అని వర్ణించిన జబ్బులు టుంగ్రోయే కావచ్చునని తర్వాతి పరిశోధకులు భావించారు. ఆ వర్ణనలకు లక్షణాలే ఆధారం. అందుచేత అవన్నీ టుంగ్రోయేనని ఖాయంగా చెప్పలేము. ఫిలిప్పీన్స్‌లో రివెరా, ఊ అనే శాస్త్రవేత్తలు పచ్చదోమ ద్వారా ఈ తెగులు సోకుతుందని 1965లో చూపారు. భారతదేశంలో దీన్ని రాయ్‌చౌధురి బృందం 1967లో నివేదించింది. ఇది తెగులును గుర్తించిన సంవత్సరమే తప్ప, పుట్టిన సంవత్సరం కాకపోవచ్చు.

2. కారకం ఒకటి కాదు, రెండు వైరస్‌లు. కడ్డీ ఆకారపు డీఎన్ఏ వైరస్ ప్రధానంగా పసుపు రంగునూ గిడసబారడాన్నీ కలిగిస్తుంది. గుండ్రని ఆర్ఎన్ఏ వైరస్ తోడు లేనిదే దోమ కడ్డీ వైరస్‌ను మోయలేదు. గుండ్రని వైరస్ ఒక్కటే సోకిన మొక్కలో లక్షణాలు దాదాపు కనబడవు. కాబట్టి పచ్చగా ఉన్న చేను వైరస్ లేని చేను కానక్కరలేదు. 2002లో ప్రచురితమైన పరిశోధనలో కడ్డీ వైరస్ భారత నమూనాల డీఎన్ఏ ఆగ్నేయాసియా నమూనాలకు భిన్నంగా ఉన్నట్టు తేలింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ నమూనా ఉన్నా, అది ఉమ్మడి రాష్ట్రపుది. దాన్ని గోదావరి డెల్టాకు ప్రతినిధిగా తీసుకోవడం తొందరపాటే.

3. జింకు లోపంలో సాధారణంగా ఊడ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తాయి. టుంగ్రోలో పసుపు, నారింజ రంగు ఆకు కొన నుంచి కిందికి దిగుతుంది, పిలకలు తగ్గుతాయి. రెండూ ఒకే మడిలో ఉండవచ్చు. అప్పుడు అయోడిన్ పరీక్ష కొంత తోడ్పడుతుంది. తెల్లవారకముందే 10 సెంటీమీటర్ల ఆకు కొనలు కోసి, 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల అయోడిన్, 6 గ్రాముల పొటాషియం అయోడైడ్ కలిపిన ద్రావణంలో తెగిన కొసను పావుగంట ముంచి కడగాలి. ముదురు నీలి చారలు తేలితే టుంగ్రో అనుమానం బలపడుతుంది. అయినా ఇది ప్రాథమిక సూచనే. నిర్ధారణకు ప్రయోగశాల పరీక్ష అవసరం. 1925లో ఏర్పడిన మార్టేరు వరి పరిశోధన కేంద్రం పెనుగొండకు చేరువలోనే ఉండటం ఈ ప్రాంత రైతులకు పెద్ద అండ.

ఈ తెగులు విత్తనం ద్వారా రాదు. దోమ గుడ్లకూ సంక్రమించదు. వైరస్ దోమలో కొద్ది రోజులే నిలిచి, పిల్లదోమ కుబుసం విడిస్తే పోతుంది. అంటే వైరస్‌కు ప్రధాన ఆశ్రయం బతికున్న వరి మొక్కే. సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక కొయ్యకాళ్లు చిగురిస్తుండగానే పక్కన దాళ్వా (రబీ) ఆకుమడి పోస్తే వైరస్‌కు దారి దొరికినట్టే అని భావించవచ్చు. చేను పసుపెక్కాక మందు కొడితే కొత్త మొక్కలకు పాకడం కొంత తగ్గవచ్చునేమో గానీ, సోకిన దుబ్బు కోలుకోదు. అందుకే ఆకుమడి పోయకముందే కొయ్యకాళ్లనూ, రాలిన గింజల మొలకలనూ దున్నివేయడం మేలు. అదీ ఒక్క రైతు చేస్తే చాలకపోవచ్చు. ఒకే బోదె కింది చేలన్నిటా కొద్ది రోజుల తేడాలో జరగాలి.