గోషామహల్ బారాదరి: ఒక సోదర సంఘం చరిత్ర

మన వైపు లాడ్జి అంటే బస్టాండు దగ్గర గదులు అద్దెకిచ్చే భవనం. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంవారు తమ శాఖను లాడ్జి అంటారు. మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన వేళ, పాత సంఘాల చరిత్ర మీద ఏదైనా రాయమని సంచిక మిత్రులు అడిగారు. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉన్న రోజుల్లో తరచు చూసిన గోషామహల్ బారాదరి నాకు వెంటనే గుర్తుకొచ్చింది. నూట యాభై ఏళ్లుగా మేసన్లు సమావేశమవుతున్న చోటు అది.

ఆ మహలుకూ మన ప్రాంతానికీ ఒక చుట్టరికం ఉంది. దాన్ని కట్టించినవాడు గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా. 1672 నుంచి 1687 దాకా ఏలాడు. రామదాసు కథలో మనందరికీ తెలిసిన తానీషా ఆయనే. బందరు అప్పట్లో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. బందరు ప్రయాణంలో కూచిపూడిలో ఆగి, భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి, ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని మన పెద్దలు చెప్పేవారు. గోషా అంటే పరదా, బారాదరి అంటే పన్నెండు ద్వారాలున్నది. అంతఃపుర స్త్రీల విడిది అని పేరే చెబుతోంది. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కాక తానీషా దౌలతాబాదు కోటలో ఖైదీగా కన్నుమూశాడు. మహలు మాత్రం మిగిలింది.

ఇక మేసన్ల సంగతి. మేసన్ అంటే తాపీ మేస్త్రీ. యూరపులో రాతిపని మేస్త్రీల ఆచారాలనూ పనిముట్లనూ గుర్తులుగా తీసుకుని, ఆ వృత్తి చేయనివారు నడిపిన సంఘం ఇది. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండ్ లాడ్జి ఏర్పరచుకున్నాయని వారు చెప్పుకుంటారు. మూలమట్టం, వృత్తలేఖిని వారి చిహ్నాలు. సభ్యుడు కాగోరేవాడు దేవుణ్ణి నమ్మాలి. ఏ మతమైనా ఫరవాలేదు, ఎవరి గ్రంథం మీద వారు ప్రమాణం చేయవచ్చు. లాడ్జిలో మత, రాజకీయ వాదాలు కూడవు. లోపల అందరూ ఒకే మట్టం మీద ఉన్నట్టు. తలుపు బయట మాత్రం ఒక కాపలాదారు ఉంటాడు. అతణ్ణి టైలర్ అంటారు, బట్టలు కుట్టే టైలర్‌కూ అతనికీ సంబంధం లేదు.

ఈస్టిండియా కంపెనీ 1611లోనే బందరులో కొఠీ పెట్టింది. వందేళ్లు దాటాక ఆ కంపెనీ ఉద్యోగులు, సైనికులతోనే మేసన్ల సంఘం మన దేశానికి వచ్చింది. కలకత్తాలో 1730లో, మద్రాసులో 1752లో లాడ్జీలు వెలిశాయి. లోపలివారంతా సమానమే సరే, లోపలికి రానిచ్చేది ఎవరిని అన్న ప్రశ్న అక్కడే మొదలైంది. ఆర్కాటు నవాబు వాలాజా పెద్దకొడుకు ఉమ్దతుల్ ఉమరాను 1770లలోనే తిరుచిరాపల్లిలో చేర్చుకున్నారు. సామాన్యుడికి అంత సులువు కాలేదు. హిందువులు అనేక దేవుళ్లను కొలుస్తారు కాబట్టి వారి ప్రమాణం చెల్లదని వాదించినవారున్నారు. కలకత్తా వాసి ప్రసన్న కుమార్ దత్తు దాదాపు తొమ్మిదేళ్లు పోరాడితే, 1872లో గానీ సభ్యత్వం దొరకలేదు. ఆ తలుపు తెరుచుకున్న పన్నెండేళ్లకు, 1884లో, కలకత్తాలోనే నరేంద్రనాథ్ దత్త అనే యువకుడు మేసన్ అయ్యాడు. ఆయనే తర్వాత వివేకానంద స్వామి.

అదే 1872లో గోషామహల్ బారాదరి మేసన్ల చేతికి వచ్చింది. అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పసివాడు, రాజ్యం నడిపినవాడు దివాను సాలార్‌జంగ్. 1961 నవంబరు 24న గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడటంతో ఇక్కడి లాడ్జీలకు సొంత ఇల్లు దొరికినట్టయింది. స్త్రీలకు మాత్రం అందులో నేటికీ ప్రవేశం లేదు. ఆడా మగా ఇద్దరినీ చేర్చుకునే వేరే మేసన్ సంఘం 1893లో పారిస్‌లో పుట్టింది. దాన్ని మన దేశానికి తెచ్చింది అనీబిసెంట్. పరదాలోని స్త్రీల కోసం కట్టిన పన్నెండు ద్వారాల మహలులో స్త్రీకి ఒక్క ద్వారమూ తెరుచుకోలేదంటే నాకు ఎప్పుడూ మనసులో కలుక్కుమంటుంది.

ఈ చరిత్ర చదివాక మన సంఘం సభ్యుల పట్టిక తిరగేశాను. అందులో ఉన్నవాళ్లు ఎక్కువమంది పదో తరగతి గట్టెక్కినవాళ్లే. నాట్లకూ చెరకు నరుకుడుకూ పోవలసివచ్చి ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానినవాళ్లు కనబడలేదు. పెళ్లయి ఇంటిపేరు మారిన మన అక్కచెల్లెళ్లు చాలామంది లేరు. మనం ఎవరినీ వద్దనలేదు, నిజమే. కానీ పాసైనవారి జాబితా ముందు పెట్టుకుని పిలుపులు పంపాం, రానివాళ్లు పరాయివాళ్లనుకుని ఊరుకున్నాం. మనకు టైలర్ లేడు గానీ, ఆ జాబితాయే ఆ పని చేసింది.

బడి అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న ప్రతివారూ ఈ బడి బిడ్డలే. ఒక్కరోజు బల్ల మీద కూర్చున్నా సరే. ఆ రిజిస్టర్లు తిరగేసే పని ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో కార్యవర్గం చేపట్టాలని నా విన్నపం. గురువులకు పాత పిల్లల పేర్లు మనకంటే బాగా గుర్తుంటాయి, వారి సాయం కోరుదాం. ఈ సంచిక అందుకున్న మిత్రులంతా తమ తరగతిలో మధ్యలో మానేసినవారు ఇద్దరి పేర్లు, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కుని, కార్యదర్శికి రాసి పంపండి. వచ్చే సమావేశానికి మొదటి పిలుపు వాళ్లకే వెళ్లాలి.