ఐరిష్ తుపాకీకి ఆశ్రయమిచ్చిన ఇళ్ళు



అర్ధరాత్రి ఎవరో మీ తలుపు తట్టారనుకోండి. తీసి చూస్తే వానలో తడిసిన ఇద్దరు కుర్రాళ్ళు. చేతుల్లో తుపాకులు. "అమ్మా, పోలీసులు వెంటబడ్డారు, ఈ రాత్రికి కాస్త చోటివ్వండి" అన్నారనుకోండి. పక్కగదిలో మీ పిల్లలు నిద్రపోతున్నారు. ఏం చేస్తారు? లోపలికి రమ్మంటారా, తలుపేసేస్తారా?

ఐర్లండు దేశంలో ఎనభై ఏళ్ళకు పైగా ఆడవాళ్ళు ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, అంటే పత్రికల్లో మనం ఐ.ఆర్.ఏ. అని చదివిన సంస్థ, దాని చరిత్రని చాలామంది తుపాకులూ బాంబులూ లెక్కపెట్టి చెబుతారు. నేను మాత్రం ఇళ్ళ వైపు నుంచి చెబుతాను. ఎందుకంటే ఆ సైన్యానికి కోటలు లేవు. ఎవరింట్లోనో ఇంత తిని, ఎవరింట్లోనో తలదాచుకుని బతికిన సైన్యం అది. తలుపులు తెరుచుకున్నన్నాళ్ళు బలపడింది. మూసుకున్నప్పుడల్లా పద్ధతి మార్చుకోవలసి వచ్చింది.

"ఎక్కడి ఐర్లండు, ఎక్కడి మనం!" అంటారేమో. అంత దూరపు సంగతేం కాదు. మన తెలుగాయన, రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు 1913లో లా చదవడానికి వెళ్ళింది డబ్లిన్‌కే. అక్కడి స్వాతంత్ర్యోద్యమం ఆయన మనసులో నాటుకుంది. 1916 తిరుగుబాటు తరువాత ఆ దేశం విడిచి వచ్చేయవలసి వచ్చింది. సరే, ఆ తిరుగుబాటుతోనే మొదలుపెడదాం.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. వెయ్యిమందికి పైగా డబ్లిన్‌లో పెద్ద తపాలా కార్యాలయాన్నీ మరికొన్ని భవనాలనూ పట్టుకుని, ఇది స్వతంత్ర ఐర్లండు అని ప్రకటించారు. ఆ ప్రకటన పురుషులతోబాటు స్త్రీలను కూడా సంబోధిస్తుంది. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. కానీ భవనంలో కూర్చున్నవాణ్ణి ఫిరంగితో కొట్టడం ఎంతసేపు? ఆరు రోజుల్లో అంతా అయిపోయింది. తెల్లజెండా పట్టుకుని లొంగుబాటు కబురు మోసుకెళ్ళింది ఎలిజబెత్ ఓ'ఫారెల్ అనే నర్సు.

అప్పటికి ఊరు వీళ్ళ పక్షాన లేదు. భర్తలు బ్రిటిష్ సైన్యంలో చేరి ఫ్రాన్సులో యుద్ధం చేస్తూంటే ఇంటి దగ్గర వున్న ఆడవాళ్ళు, ఖైదీలను వీధివెంట నడిపిస్తూంటే తిట్టిపోశారు. ప్రభుత్వం అక్కడితో ఆగివుంటే కథ వేరేగా వుండేదేమో! మే నెలలో 15 మందిని తుపాకులతో కాల్చి చంపింది. అందులో జేమ్స్ కోనలీ అనే నాయకుడు గాయాలతో నిలబడలేకపోతే కుర్చీకి కట్టి మరీ కాల్చారు. దాంతో తిట్టిన నోళ్ళే వాళ్ళకోసం ప్రార్థనలు చేశాయి. 1918 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరే సిన్ ఫేన్ పార్టీకి 105 స్థానాల్లో 73 వచ్చాయి.

1919లో మొదలైన రెండో పోరాటంలో మైకేల్ కాలిన్స్ మొదటి పాఠం మరిచిపోలేదు. ఇక భవనాలు పట్టుకోవడాలు లేవు. పొలాల్లోంచి వచ్చి దారికాచి కొట్టి మాయమైపోయే చిన్నచిన్న దళాలు, ప్రభుత్వ కార్యాలయాల్లోనే వేగులు. ఇదీ కొత్త పద్ధతి. మరి ఆ దళాలు మాయమయ్యేది ఎక్కడికి? పల్లెటూళ్ళ ఇళ్ళలోకి. 'కుమన్ నా మాన్', అంటే మహిళల మండలి, అందులోని స్త్రీలు కబుర్లు మోశారు, బట్టల్లో ఆయుధాలు దాచారు, గాయాలకు కట్లు కట్టారు, రాత్రిపూట రొట్టెలు కాల్చిపెట్టారు.

దానికి మూల్యం కూడా ఇళ్ళే చెల్లించాయి. దళానికి ఆశ్రయమిచ్చారని సర్కారు బలగాలు ఇళ్ళు తగలబెట్టాయి. ఇంకో సంగతి వినండి. విప్లవకారులకి సాయపడిందని సైనికులు ఆడపిల్లల జుట్టు కత్తిరించారు. సైనికులతో స్నేహం చేసిందని విప్లవకారులూ ఆడపిల్లల జుట్టు కత్తిరించారు! ఇద్దరికీ దొరికింది ఆడపిల్ల తలే.

1921 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 26 జిల్లాలకు స్వపరిపాలన. ఈశాన్యాన 6 జిల్లాలు బ్రిటన్‌తోనే. ఇది చాలుననేవాళ్ళూ, చాలదనేవాళ్ళూ రెండుగా చీలిపోయి, 1922, 23లలో ఒకరినొకరు చంపుకున్నారు. కాలిన్స్ కూడా ఐరిష్‌వాళ్ళ తూటాకే పోయాడు. కొత్త ప్రభుత్వం తన పాత సహచరులనే డెబ్భై మందికి పైగా కాల్చి చంపించింది. ఒకే తల్లి బిడ్డలు చెరో పక్క నిలబడ్డ ఇళ్ళు ఎన్నో.

ఆ తరువాత నలభై ఏళ్ళు తలుపులు మెల్లగా మూసుకుపోయాయి. ఓడిపోయిన వర్గమే ఐ.ఆర్.ఏ. పేరు నిలుపుకుంది. 1939లో ఇంగ్లండు ఊళ్ళలోనే బాంబులు పెట్టడం మొదలెట్టారు. ఆగస్టులో కొవెంట్రీ నగరంలో సైకిలు బుట్టలో పెట్టిన బాంబు పేలి, బజారుకొచ్చిన జనంలో ఐదుగురు పోయారు. 1956 నుంచి సరిహద్దు వెంబడి పోలీసు ఠాణాల మీద దాడులు చేశారు. జనం పట్టించుకోలేదు. 1962లో పోరాటం విరమిస్తూ ప్రజల మద్దతు లేకపోవడమే కారణమని వాళ్ళే ఒప్పుకున్నారు.

మరి చచ్చిపోయిందనుకున్న ఉద్యమం మళ్ళీ ఎలా లేచింది? తుపాకీతో కాదు సుమండీ, అద్దె ఇళ్ళ గొడవతో! ఉత్తర ఐర్లండులో అప్పట్లో ప్రొటెస్టంటులు ఎక్కువ, కాథలిక్కులు తక్కువ. ఇళ్ళు కేటాయించేది మునిసిపాలిటీ. ఇల్లున్నవాళ్ళకే స్థానిక ఎన్నికల్లో ఓటు వుండేది. అంచేత కాథలిక్కులకి ఇల్లివ్వడమంటే ఓటు ఇవ్వడమే. 1963లో డంగానన్ అనే ఊళ్ళో ఇరుకు కొంపల్లో పిల్లలతో అవస్థపడుతున్న యువ గృహిణులు కొందరు మునిసిపాలిటీ మీదికి వెళ్ళారు. 1968లో కెలెడన్‌లో పిల్లలున్న కుటుంబాలను కాదని పెళ్ళికాని పంతొమ్మిదేళ్ళ ప్రొటెస్టంటు అమ్మాయికి ఇల్లిచ్చారని పెద్ద అల్లరయింది. ఊరేగింపులు, లాఠీలు, చివరికి మంటలు. 1969 ఆగస్టు 15న బెల్‌ఫాస్టులో కాథలిక్కుల వీధి ఒకటి పూర్తిగా తగలబడింది. ఆ వీధి పేరు బాంబే స్ట్రీట్!

కాపలాకి వచ్చిన బ్రిటిష్ సైనికులకు మొదట్లో కాథలిక్కు ఇల్లాళ్ళే టీ కాచి ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే అది విషమైంది. 1970 జులైలో ఫాల్స్ రోడ్డు ప్రాంతమంతా కర్ఫ్యూ పెట్టి ఇల్లిల్లూ సోదా చేశారు. మూడోరోజున ఆడవాళ్ళు గుంపుగా, రొట్టెలూ పాలూ పట్టుకుని, పిల్లల బళ్ళు తోసుకుంటూ సైనికుల్ని దాటి లోపలికి వెళ్ళిపోయారు. కర్ఫ్యూ చెదిరిపోయింది. 1971 ఆగస్టులో విచారణ లేకుండా నిర్బంధించడం మొదలైంది. సైన్యం వీధిలోకి రాగానే ఆడవాళ్ళు చెత్తడబ్బాల మూతలు నేలకేసి కొట్టి హెచ్చరించేవారు. 1972 జనవరి 30న డెర్రీలో ఊరేగింపు మీద సైన్యం కాల్చి 13 మందిని అక్కడికక్కడే చంపింది. ఇంక చెప్పాలా? 1969 చివర్లో చీలి ఏర్పడిన 'ప్రొవిజనల్' ఐ.ఆర్.ఏ.కి ప్రతి పేటలోనూ తలుపులు తెరుచుకున్నాయి.

ఆ నమ్మకాన్ని వాళ్ళేం చేశారో చూడండి. 1972 జులై 21న బెల్‌ఫాస్టులో గంటన్నర లోపున సుమారు 20 బాంబులు పేల్చారు. తొమ్మిదిమంది పోయారు. ఆ డిసెంబరులోనే, భర్త పోయి పదిమంది బిడ్డలతో వున్న ఒక తల్లిని ద్రోహి అన్న అనుమానం మీద ఇంట్లోంచి, ఆ పిల్లల కళ్ళముందే పట్టుకుపోయారు. పిల్లలు తలోచోటా అనాథ శరణాలయాల పాలయ్యారు. ఆమె ఎముకలు సముద్రపుటొడ్డున బయటపడింది 2003లో! ఆశ్రయం కోరి తట్టిన చెయ్యే అది కూడా. ఆ తరువాత ఎన్ని తలుపులు అభిమానంతో తెరుచుకున్నాయో, ఎన్ని భయంతో తెరుచుకున్నాయో ఎవరు చెప్పగలరు?

1976 ఆగస్టులో సైనికులు కాల్చిన తూటాకి ఐ.ఆర్.ఏ. డ్రైవరు చనిపోయి, అతని కారు అదుపుతప్పి, వీధిలో నడిచి వెళ్తున్న ఒక తల్లి ముగ్గురు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. చూసిన బెట్టీ విలియమ్స్ అనే గృహిణి ఊరుకోలేక ఇంటింటికీ తిరిగి, హింస ఆపమని సంతకాలు పట్టింది. పిల్లల తల్లి తోబుట్టువు మెయిరీడ్ కారిగన్ ఆమెతో చేరింది. వేలమంది ఆడవాళ్ళు, రెండు మతాలవాళ్ళూ కలిసి నడిచారు. ఇద్దరికీ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. యుద్ధం ఆగిందా? లేదు. కానీ అదే తలుపు ఇంకో పనికి తట్టవచ్చని అందరికీ తెలిసింది.

ఐ.ఆర్.ఏ. మళ్ళీ పద్ధతి మార్చింది. పేట పేరు చెప్పుకునే పెద్ద దళాలకి బదులు ఒకరి సంగతి ఒకరికి తెలియని చిన్న బృందాలు. 1979 ఆగస్టు 27న మనకి చివరి వైస్రాయిగా వచ్చిన మౌంట్‌బాటెన్‌ని పడవలో బాంబు పెట్టి చంపారు. ఆ పడవలో పద్నాలుగేళ్ళ మనవడూ, పదిహేనేళ్ళ పడవ కుర్రాడూ, ఎనభై మూడేళ్ళ ముసలావిడా కూడా బలి అయ్యారు.

ఇంతలో పాత ఆయుధమొకటి తిరిగి వచ్చింది, నిరాహారదీక్ష. 1920లో కార్క్ నగర మేయరు టెరెన్స్ మెక్‌స్వినీ 74 రోజులు అన్నం ముట్టక జైల్లో ప్రాణం విడిచాడు. మన జతీన్ దాస్ 1929లో లాహోరు జైల్లో 63 రోజులకి పోయినప్పుడు మెక్‌స్వినీ కుటుంబం సానుభూతి తంతి పంపింది. 1981లో తమని రాజకీయ ఖైదీలుగా గుర్తించమంటూ పదిమంది ఒకరి తరువాత ఒకరు ఆకలితో చనిపోయారు. మొదటివాడు బాబీ శాండ్స్, 27 ఏళ్ళు. దీక్షలో వుండగానే 30 వేలకు పైగా ఓట్లతో పార్లమెంటుకి గెలిచాడు. మంచం పక్కన కూర్చున్న తల్లుల మాటేమిటి? స్పృహ తప్పాక బిడ్డకి ఆహారం ఎక్కించమనాలా, వాడి మాట నిలబెట్టాలా? ఏ తల్లికీ రాకూడని ప్రశ్న. చివరికి కొన్ని కుటుంబాలు ఎక్కించమన్నాయి. ఆ దీక్ష ఆగింది అలాగే.

ఆ ఓట్లు నాయకుల కళ్ళు తెరిపించాయి. ఒక చేత ఓటు, ఒక చేత తుపాకీ అన్నారు. రెండూ ఎన్నాళ్ళో పొసగలేదు. 1984లో బ్రైటన్ హోటల్లో బాంబు పెట్టారు. ప్రధాని థాచర్ తప్పించుకుంది, ఐదుగురు పోయారు. 1987లో ఎనిస్కిల్లెన్‌లో యుద్ధ మృతులకు నివాళులర్పిస్తున్న 11 మందిని బాంబు చంపింది. 1993లో వారింగ్టన్ బజారులో ఇద్దరు పిల్లలు పోయారు, ఒకడికి మూడేళ్ళు, ఒకడికి పన్నెండేళ్ళు.  1994లో కాల్పుల విరమణ, 1996లో దాన్ని మీరడం, 1997లో మళ్ళీ విరమణ. 1996లో 'మహిళా కూటమి' అని రెండు మతాల స్త్రీలూ ఒక పార్టీ పెట్టి, రెండు స్థానాలు గెలిచి, చర్చల బల్ల దగ్గర కూర్చున్నారు. 1998 ఏప్రిల్ 10న ఒప్పందం జరిగింది. ఉత్తరాన నూటికి 71 మంది అవునన్నారు. 2005లో ఐ.ఆర్.ఏ. సాయుధపోరాటం ముగిసిందని చెప్పి ఆయుధాలను పనికిరాకుండా చేసేసింది.

1969 నుంచి పోయినవాళ్ళు 3,500కి పైనే. అందులో సుమారు 1,700 మంది ఐ.ఆర్.ఏ. చేతుల్లో పోయారు. మిగతావాళ్ళని చంపింది ప్రొటెస్టంటు సాయుధ ముఠాలు, సైన్యం, ఇతరులు. 2024 ఫిబ్రవరిలో ఉత్తర ఐర్లండుకి సిన్ ఫేన్ తరపున తొలిసారి ముఖ్యమంత్రి అయింది ఒక స్త్రీ, మిషెల్ ఓ'నీల్. ఓట్లతోనే. ఇంకోపక్క, ఆ రోజుల్లో మాయం చేసిన కొందరి ఎముకలకోసం వాళ్ళ కుటుంబాలు నేటికీ ఎదురుచూస్తూనే వున్నాయి.

ఆ అర్ధరాత్రి తలుపు సంగతి అడిగాను కదూ? తెరిచిన ఇల్లాలిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కళ్ళముందు వీధి తగలబడితే నేనేం చేసేదాన్నో! ఒక్క మాట మాత్రం అనిపిస్తుంది. ఒకటికి నాలుగుసార్లు తుపాకీ మారింది. తడిసిన కుర్రాడికి పెట్టిన పిడికెడు అన్నం మారలేదు, గుమ్మంలో ఎదురుచూసిన తల్లి మారలేదు. డంగానన్‌లో ఆ ఇల్లాళ్ళు అడిగిన ఇళ్ళు 1963లోనే ఇచ్చివుంటే, ఎందరు తల్లులకి ఆ ఎదురుచూపు తప్పేదో!