త్యాగరాజస్వామి సమాధియు, బెంగుళూరు నాగరత్నమ్మయు

ఉప్పల్, నాచారము హైదరాబాదునకు తూర్పుదిక్కున పల్లెలుగా నుండి, క్రమక్రమముగా కర్మాగారములకును పరిశోధనాలయములకును చోటిచ్చి, 2007వ సంవత్సరమున బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో లీనమైనవి. ఊరు నగరమైనను, పదిమంది కూడి తమకు ప్రియుడైన యొక గాయకుని పేర సంగీతసభ జరుపవలెనని తలచినప్పుడు పుట్టెడి ప్రశ్నలు మాత్రము మారలేదు. చందాలు ఎవరు వసూలు చేయవలెను? ఆ సొమ్ము ఎవరియొద్ద నుండవలెను? వేదికపై ఎవరు పాడవలెను? మొదటి రెండింటికి లెక్కల పుస్తకము సమాధానము చెప్పగలదు. మూడవదానికి చెప్పజాలదు. తెలుగు పాట కొరకు జరుగు సభలలోకెల్ల పెద్దదియైన తిరువయ్యారు త్యాగరాజారాధన ఈ మూడవ ప్రశ్న కడనే బహుకాలము చిక్కుకొనియుండెను. ఇట్టి సభలను తలపెట్టువారు ఈ గ్రంథాలయ పాఠకులలోను ఉందురు గావున ఆ వృత్తాంతము తెలియదగినది.

కాకర్ల త్యాగబ్రహ్మము 1767వ సంవత్సరము మే 4వ తేదీన తిరువారూరులో జన్మించి, కావేరీతీరమునందలి తిరువయ్యారులో జీవితమును గడిపెను. చోళదేశమున పుట్టి పెరిగినను ఆయన ఇంటిభాష తెలుగు, పాటలభాషయు ప్రాయికముగా తెలుగే. రాజాశ్రయమును కోరక, వీధులవెంట రామనామము పాడుచు గృహస్థులు పోసిన బియ్యముతో కుటుంబమును, శిష్యులను పోషించెను. దీనిని ఉంఛవృత్తి యందురు. పాటకు ప్రతిఫలముగా ఊరు పిడికెడు బియ్యము పెట్టు ఈ యేర్పాటులో రశీదు లేదు, అధ్యక్షుడు లేడు, తగవు అంతకంటె లేదు. తగవులన్నియు ఆయన పోయిన పిమ్మటనే వచ్చినవి.

అంత్యకాలమున సన్న్యాసము స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు ఆయన సిద్ధిపొందెను. సన్న్యాసి గావున దహనము చేయక కావేరి యొడ్డున సమాధి చేసి చిన్న బృందావనము కట్టిరి. ఆయనకు ఒక్కతే కుమార్తె. ఆమె కుమారుడు సంతానము లేకయే మరణించుటచే వంశము నిలువలేదు. శిష్యులు తమతమ యూళ్లకు పోయి, ఏటేట ఆ తిథినాడు ఎవరి యిండ్లలో వారు గురువును ఆరాధించుచుండిరి. తిరువయ్యారులోని సమాధిని చూచువారు లేక అది పొదలలో పడిపోయెను. 1903లో శిష్యులైన ఉమయాళ్‌పురము కృష్ణభాగవతరు, సుందరభాగవతరు సోదరులు వృద్ధాప్యములో వచ్చి దానిని కొంత బాగుచేయించి శిలాఫలకము నిలిపిరి.

ఆ తరువాత సమాధి యొద్దనే ఆరాధన జరుపు పద్ధతిని తిల్లైస్థానము నరసింహభాగవతరు, పంజుభాగవతరు అను సోదరులు ఆరంభించిరి. కొలది యేండ్లలోనే వీరికి పొసగక రెండు పక్షము లేర్పడినవి. ఒకటి పెద్ద కచ్చి, రెండవది చిన్న కచ్చి. ఒకే గురువునకు రెండు ఉత్సవములు, రెండు చందాపుస్తకములు, రెండు విద్వాంసుల జాబితాలు! రెండు పక్షములకును ఒక్క విషయమున మాత్రము సంపూర్ణమైన ఏకాభిప్రాయ ముండెను. స్త్రీలు అచట పాడరాదు.

ఇట్టి స్థితిలో ఈ కథలోనికి వచ్చినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఈమె 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానములోని నంజనగూడులో దేవదాసీకులమున పుట్టెను. కన్నడ, సంస్కృత, తెలుగు భాషలను అభ్యసించి, బిడారము కృష్ణప్పగారి యొద్ద సంగీతము నేర్చి, చెన్నపట్టణము చేరి గొప్ప గాయనిగా పేరును, ధనమును ఆర్జించెను.

గ్రంథాలయములకు వచ్చువారు ఈమెను ఇంకొక కారణమున గూడ స్మరింపవలసి యున్నది. తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానమునందలి ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ అను శృంగారప్రబంధము ఆమె చేతికి వచ్చినప్పుడు, అచ్చుప్రతిలో పద్యములు కొన్ని లోపించియున్నట్లు గ్రహించి, వ్రాతప్రతితో సరిచూచి 1910లో వావిళ్లవారిచే సమగ్రముగా ప్రకటింపించెను. స్త్రీవిద్య కొరకు జీవితమును ధారపోసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే ఆ కవయిత్రిని నిందించిరి. పంతులుగారి వంటివారు గ్రంథములోని కవితను గాక కవయిత్రి కులమును చూచిరేమో యనిపించును. ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను. ఆ నిషేధము తొలగుటకు టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు ప్రధానమంత్రియగు వరకు వేచియుండవలసి వచ్చెను. ఎవరును పట్టించుకొనక శిథిలమగుచున్న దానిని చూచిన యెడల ఊరకుండలేని స్వభావ మామెది. పుస్తకమైనను సరే, సమాధియైనను సరే.

సమాధి దుస్థితిని ఆమెకు తెలిపినది గురువైన కృష్ణప్పగారే. ఆయన తిరువయ్యారు పోయి చూచి, అచటి పరిస్థితిని వివరించుచు శిష్యురాలికి ఉత్తరము వ్రాసిరి. నాగరత్నమ్మ వెంటనే బయలుదేరెను. అచట ఆమె మొట్టమొదట చేసిన పని పాడుట గాదు, పందిరి వేయించుటయు గాదు. ఆ నేల యెవరిదో విచారించెను. భక్తి యెంతయున్నను పరుల భూమిలో కట్టిన గోడకు భద్రత లేదు. ఈ సంగతి భూమి లెక్కలు తెలిసిన పల్లెవారికి వేరుగ చెప్పనక్కరలేదు. గుడి కట్టిన పిదప హద్దుల తగవు వచ్చి న్యాయస్థానముల చుట్టు తిరిగిన ధర్మకర్తలు ఏ తాలూకాలోనైనను కానవత్తురు. ఆమె హక్కుదారులను కనుగొని, రెవిన్యూ అధికారుల తోడ్పాటుతో స్థలమును సంపాదించి, 1921 అక్టోబరు 27వ తేదీన శంకుస్థాపన చేయించెను. 1926 జనవరి 7వ తేదీన కుంభాభిషేకము జరిగెను. త్యాగరాజస్వామి విగ్రహము ప్రతిష్ఠితమై, నిత్యపూజకు ఏర్పా టయ్యెను.

శంకుస్థాపనమునకు కుంభాభిషేకమునకు నడుమ నాలుగేండ్లు గడచినవి. ఇందులకు ధనమెక్కడిది? ఆమె ఆర్జించిన సొమ్ము ఖర్చయ్యెను, నగలు పోయెను. చాలనిదానికై కచ్చేరీలు చేసెను, హరికథలు చెప్పెను, తనవంటి గాయనీమణులను అడిగి కూర్చెను. నేడు ధర్మార్థ సంగీతసభ యనబడునది ఇదియే. ఒక్క భేద మున్నది. సాధారణముగా గాయకుడు ఒక సాయంకాలపు పాటను దానము చేయును, ఈమె జీవితకాలపు పాటను దానము చేసెను.

ఇంత చేసిన తరువాత, తాను కట్టించిన ఆలయము ముందర ఆరాధన దినమున హరికథ చెప్పుటకు అనుమతి నడుగగా నిర్వాహకులు నిరాకరించిరి. ఆనాటి కారణములను కొంత యర్థము చేసికొనవచ్చును. దేవదాసీ వ్యవస్థను తొలగింపవలెనని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు మదరాసు శాసనసభలో ఉద్యమము సాగించుచున్న కాల మది. ఆ కులపు స్త్రీతో వేదిక పంచుకొనుట గౌరవభంగమని పెద్దలు కొందరు తలచిరి. అర్థము చేసికొనవచ్చును గాని సమర్థింపరాదు. ఆమె యిచ్చిన ధనమునకు అంటని మైల ఆమె పాటకు మాత్రమెట్లు అంటెను?

నాగరత్నమ్మ ఆలయమునకు తాళము వేయలేదు. స్థలము నాదని నిర్వాహకులను వెడలగొట్టనులేదు. ఆలయమునకు వెనుక తట్టున స్త్రీలను కూర్చి, వారిచేతనే పాడించి, తానును హరికథ చెప్పి మూడవ ఆరాధన నారంభించెను. దానికి పెణ్గళ్ కచ్చి, అనగా స్త్రీల పక్షమని పేరు వచ్చెను. ఎదుట రెండు పక్షములు పోటీపడి పాడుచుండగా వెనుక స్త్రీల పాట సాగుచుండెను. ఇట్లు పదియేండ్లకు పైబడి గడచినవి.

చివరకు 1940వ సంవత్సరమున మూడు పక్షములును ఒకటయ్యెను. దీనికై పాటుపడినవారిలో ఐ.సి.యస్. ఉద్యోగియైన యస్.వై. కృష్ణస్వామిగారు, గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరుగారు ముఖ్యులు. శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ యను పేర ఒకే సంస్థ యేర్పడెను. కాని సంస్థ యొకటి యైనంత మాత్రమున ఎవరు ముందు, ఎవరు వెనుక యను ప్రశ్న తీరదు. దానికి వారు కనుగొనిన ఉపాయము మిక్కిలి మెచ్చదగినది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అను అయిదు రాగములలోని ఘనరాగ పంచరత్న కీర్తనలను ఆరాధన దినమున అందరును ఒక్కసారిగా గోష్ఠిగానము చేయవలెనని నిర్ణయించిరి. ఈ కీర్తనల చరణములు స్వరసాహిత్యములతో కూడియున్నవి. ప్రతిస్వరమునకు అక్షరము నియతమై యుండుటచే ఎవరికి తోచినట్లు వారు సాగదీయుటకు వీలులేదు, నూర్గురు కలిసి పాడినను చెదరదు. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. అందరును ఒకేసారి పాడుచుండగా ముందు వెనుకల తగవునకు తావెక్కడిది? ఆ గోష్ఠిలో స్త్రీలకును చోటు కలిగెను. మాతృభాష తమిళమైన వందలమంది పుష్య బహుళ పంచమినాడు కావేరి యొడ్డున కూర్చుండి తెలుగున పాడు ఆచారము నేటికిని నడచుచున్నది. దానిని చూచి సంతోషించు తెలుగువారు, ఆ ఏర్పాటునకు వెనుక పదియేండ్లకు పైబడి ఆలయపు వెనుకతట్టున పాడిన స్త్రీలున్నారని మరువరాదు.

చెన్నపట్టణపు వైభవమును విడిచి నాగరత్నమ్మ తిరువయ్యారులోనే నివసించెను. తన యాస్తిని సమాధి కైంకర్యమునకై మరణశాసనముచే ధర్మసంస్థకు వ్రాసి, అచట సేవ చేయుటకు స్త్రీలకు హక్కుండవలెనని అందు షరతు పెట్టెను. ఒకసారి మాటతో నిరాకరింపబడినది గావున రెండవసారి కాగితముపై వ్రాయించి యుంచెను. 1952 మే 19వ తేదీన ఆమె కన్నుమూసెను. త్యాగరాజస్వామి ఆలయమునకు సమీపముననే ఆమె సమాధి యున్నది. అందలి శిలావిగ్రహము చేతులు జోడించి, స్వామి సన్నిధివైపునకు మొగమై కూర్చుండియున్నది.