నదికి చోటు

వరద పెరిగితే గట్టును పెంచాలన్నదే గోదావరి ఏటిగట్ల వెంట పెరిగినవారి నమ్మకం కనుక, నెదర్లాండ్స్‌లో స్థిరపడిన తెలుగువారికి ఆ దేశం ఉన్న గట్లనే కొన్నిచోట్ల వెనక్కి జరిపి, మరికొన్నిచోట్ల తగ్గించడం వింతగా తోస్తుంది.

ఆ దేశమూ తరతరాలుగా గట్టునే నమ్ముకుంది. 19వ శతాబ్దంలో పడవల రాకపోకల కోసం రైన్ పాయలకు గ్రోయిన్లు, అంటే ఒడ్డు నుంచి ప్రవాహంలోకి చొచ్చుకొచ్చే కట్టలు, వేసి నదిని ఇరుకు చేయగా, గట్ల లోపలి మైదానాలలో ఒండ్రు మేటవేసి నీటికి చోటు తగ్గింది. 1995 వరదకు సుమారు రెండున్నర లక్షల మంది ఇళ్లు విడిచి పోవలసి వచ్చినప్పుడు, గట్టు ఎంత ఎత్తయితే అది తెగిన నాటి వినాశమూ అంత పెద్దదవుతుందన్న ఎరుక బలపడింది.

అలా రూపొంది 2006లో ఆమోదం పొందిన ‘నదికి చోటు’ పథకం కింద, సుమారు 230 కోట్ల యూరోలతో 30కి పైగా చోట్ల పనులు జరిగాయి. నైమెఖెన్ నగరం ఎదుట రైన్ పాయ అయిన వాల్ నది గట్టును 350 మీటర్లు వెనక్కి జరిపి కొత్త పాయ తవ్వారు. అందుకు దాదాపు 50 ఇళ్లు తొలగించారు. ఓవర్‌డీప్ పోల్డర్‌లో, అంటే గట్లు కట్టి సాగులోకి తెచ్చిన పల్లపు నేలలో, రైతులే ముందుకొచ్చి ఎత్తైన మట్టిదిబ్బల మీద ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టుకుంటామని, పెనువరద నాడు పొలాలను నదికి వదులుతామని ప్రతిపాదించారు. తెరిచిన పాయలలో చేపలు, పక్షులు పెరుగుతాయి కానీ, అక్కడే దట్టంగా మొలిచే విల్లో పొదలు ప్రవాహాన్ని అడ్డుకుంటాయి కనుక వాటిని నరకడమో పశువులను మేపడమో తప్పదు. ప్రకృతికి, వరద రక్షణకు మధ్య పొత్తు అలా ఏటేటా కుదుర్చుకోవలసిందే.

రైన్ ఆ దేశంలో అడుగుపెట్టే లోబిత్ వద్ద పథకం లెక్కించిన గరిష్ఠ ప్రవాహం సెకనుకు 16,000 ఘనపు మీటర్లు, అంటే సుమారు 5.65 లక్షల క్యూసెక్కులు. 1986లో ధవళేశ్వరం వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎర్రనీరు దిగిపోయాక మేటవేసిన ఒండ్రులో మళ్లీ విత్తుకునే కోనసీమ లంక రైతుల ఓర్పును వాల్ తీరాన తలచుకున్న తెలుగువారికి గుండె బరువెక్కుతుంది. నదికి కొంత నేల వదిలి బతకడం ఆ రైతులకు ఎవరూ నేర్పనక్కరలేదు.

రైన్ కొలతలు గోదావరికి సరిపోకపోయినా, ఏటిగట్ల లోపల కొత్త కట్టడాలకు అనుమతి ఇచ్చే ముందు నదికి ఎంత చోటు కావాలో లెక్కగట్టడం, ఆ లెక్కలో లంక రైతుల మాటకు విలువ ఇవ్వడం పాలకుల విధి.