తిమ్మిరి చేప చెప్పిన నరాల కథ

నరం కండరానికీ గుండెకూ రసాయనంతో కబురు పంపుతుందని తేల్చినందుకు హెన్రీ డేల్, ఒట్టో లోవీలకు 1936లో నోబెల్ ఇచ్చారు. దానికిప్పుడు దాదాపు తొంభయ్యేళ్లు. ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్. దాన్ని అందుకునే గ్రాహకాల కథను నేను ఖతర్‌ను మూడు వైపులా చుట్టిన సముద్రం నుంచే మొదలుపెడతాను.

గల్ఫ్ నీళ్లలో ఇసుకలో కూరుకుని ఉండే గుండ్రటి చేప ఒకటుంది, అదే తిమ్మిరి చేప. తాకితే చెయ్యి మొద్దుబారుతుంది. మొదటి శతాబ్దంలోనే రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ ఇలాంటి చేప దెబ్బను తలనొప్పికి మందుగా రాశాడు. ఆ తర్వాత శతాబ్దాలు గడిచిపోయాయి.

1685లో డచ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా పర్షియా రేవు బందర్ అబ్బాస్ చేరిన జర్మన్ ఎంగెల్‌బర్ట్ కెంఫర్ నాకు ప్రాణం. ఊరు ఎండకు ఉడుకుతోంది, ఒంట్లో బాగుండదు. అయినా కొత్త చేప, కొత్త చెట్టు కనబడితే వదలడు. ఈ చేపనూ పరిశీలించాడు. ఓ ఆఫ్రికన్ దాన్ని జంకకుండా పట్టుకున్నాడనీ, ఊపిరి బిగబడితే దెబ్బ తగలదనీ 1712లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. ఊపిరి మాట నిలవలేదు, చేప నిలిచింది. 1831లో శాస్త్రవేత్త ఓల్ఫెర్స్ దానికి ఈ సముద్రం పేరే కలిపి టార్పెడో సైనస్‌పెర్సిసి అన్నాడు. విశాఖ తీరంలోని దాని చుట్టాలను ప్యాట్రిక్ రస్సెల్ 1803లోనే మన జాలర్ల పేరుతో పుస్తకానికెక్కించాడు. ఆ దెబ్బ విద్యుత్తేనని 1772లో ఫ్రాన్స్ తీరంలో చూపించిన జాన్ వాల్ష్ పుట్టింది మద్రాసు కోటలో!

ఆ చేప విద్యుత్ అవయవం రూపు మారిన కండరమే. పలకల్లా పేర్చిన కణాల్లో ఒక్కోదానికి ఒక ముఖం నిండా ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల రెండు రకాల్లో ఒకటైన నికోటినిక్ గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి. అందుకే శాస్త్రవేత్తలు దాని జాతిని వెతుక్కుంటూ వెళ్లారు. 1982లో షోసాకు నుమా బృందం కాలిఫోర్నియా టార్పెడో నుంచే గ్రాహకంలోని ఒక భాగం జన్యు సమాచారాన్ని చదివింది. ఐదు ముక్కలు కలిసి నడుమ ద్వారంలా ఉండే ఈ గ్రాహకమే మన కండరాన్ని కదిలిస్తుంది. దాని మీదికి శరీరమే ప్రతిరక్షకాలను పంపితే మయస్థీనియా గ్రావిస్ వస్తుంది, రెప్పలు వాలిపోతాయి. మెదడులో దీని చుట్టమే సిగరెట్ నికోటిన్‌కు లొంగేది.

ఇక రెండోదైన మస్కరినిక్ రకం దగ్గర కథ చిక్కుపడుతుంది. 1914లో డేల్ ఒక్కటిగా చూసినది 1980ల చివరికి ఐదయింది. ఎం1 జ్ఞాపకానికి, ఎం2 గుండె వేగం తగ్గించడానికి, ఎం3 లాలాజలానికి, పేగు కదలికకు, చెమటకు. ఎం4, ఎం5 ఎక్కువగా మెదడువి. ఒకే మందు ఒకచోట మేలు, మరోచోట కీడు చేసేది ఇందుకే.

ఆ కీడు ఎండలో పనిచేసేవాళ్లకు ఎలా తగులుతుందో చూడండి. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఎండలో ఆరుబయట పని చేయించకూడదని 2021 నుంచి నిబంధన ఉంది. మిగతా గంటల్లో కార్మికుణ్ని కాపాడేది చెమట, అంటే ఎం3. కొన్ని జలుబు మాత్రలు, మూత్రాశయ మందులు, పాత తరం డిప్రెషన్ మందులు ఆ గ్రాహకాన్ని అడ్డుకుని చెమటను తగ్గిస్తాయి. జగిత్యాల, నిజామాబాద్ నుంచి అక్కడి మనవాళ్లకు మాత్రలు పంపేవారు, వాటితో చెమట ఆగుతుందా అని డాక్టర్‌ని ఒక్కమాట అడిగి పంపండి.