వాపింగ్ పబ్బులూ, మన బందరు గుడ్డా

లండన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళని ఏం చూశారని అడిగితే జవాబు ముందే తెలుసు. టవర్ బ్రిడ్జి, లండన్ ఐ, మేడమ్ టుస్సాడ్స్ లో అమితాబ్ బొమ్మ పక్కన ఫోటో, టవర్ లో కోహినూరు. కోహినూరు దగ్గర తప్పనిసరిగా ఒక నిట్టూర్పు, "మన కొల్లూరు వజ్రమండీ, ఎత్తుకుపోయారు" అని. 2006లో మొదటిసారి ఆన్ సైట్ వెళ్ళినప్పుడు నేనూ అదే వరసలో అన్నీ చూశాను, అదే నిట్టూర్పు విడిచాను. ఆ టవర్ నుంచి నది వెంబడే తూర్పుకి కాసేపు నడిస్తే వాపింగ్ అనే పేట వస్తుందని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

నేను వెళ్ళింది కేటీ కోసం. అదేంటో ఇది చదివేవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. అక్కడ ఆ పని చేస్తున్నాయనకి మా నాన్నంత వయసు. ఇరవై ఏళ్ళుగా అదే సిస్టమ్, కోబాల్. ఆరు వారాల్లో అదంతా నాకు నేర్పించి ఆయన ఇంటికి వెళ్ళిపోవాలి. నాకు వచ్చేసిందని నేను సంతకం పెడితే ఆయన ఉద్యోగం అయిపోయినట్టే. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తం. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికే నాకు వారం పట్టింది.

మూడో శుక్రవారం సాయంత్రం ఆయనే అన్నాడు, "టూరిస్టు లండన్ చూసుంటావు, పద, నేను పుట్టిన లండన్ చూపిస్తా" అని. కానరీ వార్ఫ్ నుంచి డీఎల్ఆర్ లో షాడ్వెల్ వచ్చి అక్కణ్ణుంచి నడిచాం.

ఆయన తీసుకెళ్ళిన పబ్బు పేరు 'ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్బీ'. 1520 నుంచీ ఉన్నామని వాళ్ళు రాసుకుంటారు. అప్పటిది మిగిలింది కింద పరిచిన రాతి పలకలు మాత్రమే, మిగతాదంతా తర్వాత కట్టిందే. పాత రోజుల్లో దీని పేరు 'దయ్యం సారాకొట్టు' లాంటిదే (డెవిల్స్ టావెర్న్). దొంగలూ, దొంగసరుకు అమ్మేవాళ్ళూ చేరే చోటు. తర్వాత విట్బీ ఊరి నుంచి బొగ్గు తెచ్చే ప్రాస్పెక్ట్ అనే ఓడ ఆ దగ్గర్లో లంగరేసి ఉండేదట, జనం "ఆ ప్రాస్పెక్ట్ దగ్గరున్న పబ్బు" అనీ అనీ అదే పేరైపోయింది. మనూళ్ళో "వేపచెట్టు హోటల్" అన్నట్టన్నమాట. వెనక తలుపు తీస్తే థేమ్స్. నీళ్ళ పైన ఒక ఉరికొయ్య, దానికో తాడు వేలాడుతూ ఉంటుంది. ఇప్పుడది అలంకారం. ఒకప్పుడు ఈ ఒడ్డున నిజంగానే ఉరితీసేవాళ్ళు.

ఓడదొంగలకి వాపింగ్ లో వేరే ఉరి రేవు ఉండేది, ఎగ్జిక్యూషన్ డాక్ అని. నదిలో పోటు తగ్గి బురద బయటపడ్డాక అక్కడ ఉరితీసి, మూడు పోట్లు శవం మీదుగా పోయేదాకా అలాగే వదిలేసేవారు. చివరిసారి ఉరితీసింది 1830లో. సరిగ్గా ఎక్కడన్నది చరిత్రకారులు తేల్చుకోలేదు కానీ పబ్బులు మాత్రం ఎవరికి వారు మాదగ్గరే అంటాయి. జడ్జి జెఫ్రీస్ కథా అంతే. వందలమందికి ఉరిశిక్షలు వేసిన ఆ పెద్దమనిషి 1688లో రాజు పారిపోగానే నావికుడి వేషం వేసుకుని ఓడెక్కబోయి వాపింగ్ లో దొరికిపోయాడు. ఏ పబ్బులో అంటే 'టౌన్ ఆఫ్ రామ్స్ గేట్' వాళ్ళు మాదగ్గరే అంటారు, రెడ్ కౌ అనే ఇంకో సారాకొట్టని పాత రాతల్లో ఉందంటారు. ఇక డికెన్స్ తాగని పబ్బు లండన్ లో లేదు. మన దగ్గర సీతమ్మవారు స్నానం చేయని గుండం లేనట్టే.

కొంచెం ముందుకెళ్తే 'కెప్టెన్ కిడ్' అని ఇంకో పబ్బు. చూడ్డానికి మూడొందల ఏళ్ళ నాటిదిలా ఉంటుంది, పెట్టింది 1980లలో, ఒక పాత గిడ్డంగిలో. పబ్బు వయసు సంగతి అలా ఉంచితే కిడ్ కథ మాత్రం తెలుసుకోవాల్సిందే, ఎందుకంటే ఆ మనిషి ఉరికి ఒక కొస మన దేశంలో ఉంది.

1695లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు ఓడదొంగ మక్కా నుంచి సూరత్ తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని దోచుకున్నాడు. ఔరంగజేబుకి ఎవరీ ఎవరో, ఈస్టిండియా కంపెనీ ఎవరో తేడా ఏముంటుంది? అందరూ ఇంగ్లీషువాళ్ళే. సూరత్ లో కంపెనీ ఉద్యోగుల్ని పట్టుకుని బంధించారు, వ్యాపారం ఆగిపోయింది. ఎవరీ ఎప్పటికీ దొరకలేదు. మరుసటేడు కిడ్ బయల్దేరాడు, ఓడదొంగల్ని పట్టుకోమని రాజుగారిచ్చిన పత్రం పట్టుకుని. పెట్టుబడి పెట్టింది లండన్ లో పెద్ద పెద్ద ప్రభువులు. దొంగలు దొరకలేదు, డబ్బు రాలేదు, నావికులు గొడవ. ఆ గొడవలో విలియం మూర్ అనే తన సొంత గన్నర్ ని ఇనప పట్టీలున్న బకెట్ తో తలమీద కొట్టాడు, వాడు పోయాడు. 1698 జనవరిలో మలబారు తీరంలో క్వెడా మర్చంట్ అనే ఓడని పట్టుకున్నాడు. దాన్నిండా పట్టు, మస్లిన్, పంచదార. ఓడని కిరాయికి తీసుకుంది ఆర్మేనియన్లు, సరుకులో మొఘల్ దర్బారు వాళ్ళ వాటా. ఫ్రెంచివాళ్ళ పాస్ ఉంది కాబట్టి శత్రువు ఓడే, న్యాయంగానే పట్టానన్నాడు కిడ్. కానీ ఇంకోసారి మొఘలుల కోపం భరించే స్థితిలో కంపెనీ లేదు. పెట్టుబడి పెట్టిన ప్రభువులు మాకేం తెలీదన్నారు. విచారణ రోజుకి ఆ ఫ్రెంచి పాసులు మాయం! (20వ శతాబ్దంలో లండన్ ప్రభుత్వ దస్తరాల్లోనే దొరికాయి.) 1701 మే 23న ఉరితీస్తే మొదటిసారి తాడు తెగిపోయింది, మళ్ళీ కట్టి తీశారు. శవాన్ని ఇనప చట్రంలో బిగించి టిల్బరీ దగ్గర నది ఒడ్డున వేలాడదీశారు. కిడ్ పుణ్యాత్ముడని నేననను. కాకపోతే పై వాళ్ళందరూ తప్పుకుని కింద ఒకణ్ణి చూపించడం మన ప్రాజెక్టుల్లో చూడంది కాదు కదా.

ఇదంతా చెప్తూ ఆయన నాకో ఐపీఏ తెచ్చి పెట్టాడు. "మీ దేశం పేరే" అని నవ్వాడు. ఇండియా పేల్ ఏల్. ఇండియాకి పంపడం కోసమే హాడ్జ్ సన్ అనేవాడు కనిపెట్టాడని అందరూ చెప్తారు. అది పూర్తి నిజం కాదు, అలాంటి లేతరంగు బీరు అంతకుముందే ఉంది. హాడ్జ్ సన్ గొప్పతనమల్లా అతని బ్రూవరీ బో లో ఉండటం. కంపెనీ ఓడలు ఆగే బ్లాక్ వాల్ అక్కడికి దగ్గర. ఓడ కెప్టెన్లకి సొంతంగా సరుకు పట్టుకెళ్ళే హక్కు ఉండేది, హాడ్జ్ సన్ వాళ్ళకి అప్పుకి బీరు ఇచ్చేవాడు. మద్రాసు, కలకత్తాల్లో దొరలకి అమ్ముకునేవారు. 1820లలో బర్టన్ ఊరి ఆల్సాప్ వచ్చి ఆ మార్కెట్ లాక్కున్నాడు. నాకు మాత్రం వేపకషాయంలా అనిపించింది. సగం తాగి ఆరెంజ్ జ్యూస్ లోకి దిగిపోయాను.

ఓడలు ఇటునుంచి బీరు మోస్తే అటునుంచి ఏం మోసేవి? ఇక్కడే నాకు కోహినూరు నిట్టూర్పు చిన్నబోయింది. కంపెనీ ఓడ గ్లోబ్ మన తీరానికి వచ్చింది 1611లో. మొదట నిజాంపట్నం, తర్వాత మచిలీపట్నం. వాళ్ళు వచ్చింది గుడ్డ కోసం. కృష్ణా డెల్టాలో పెరిగే చిరువేరుతో వేసిన ఎరుపు ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. అలాంటి రంగు అప్పటికి యూరప్ లో ఎవరికీ చేతకాదు. దోపిడీ కాదండీ, వెండి ఇచ్చి కొనుక్కున్నారు. అప్పటికి దోచుకునే బలం వాళ్ళకి లేదు. మన చీటీగుడ్డలూ, బందరు అద్దకాలూ లండన్ లో దొరసానుల గౌన్లయ్యాయి, మంచాల తెరలయ్యాయి. ఆ కాలపు కోరమాండల్ అద్దకాలు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, టికెట్ కూడా లేదు. కోహినూరు చూడ్డానికి క్యూ కట్టే మనవాళ్ళు అటు ఎందుకు పోరో నాకర్థం కాదు.

మరి లండన్ నేతగాళ్ళ సంగతి? వాపింగ్ కి దగ్గర్లోనే స్పిటల్ ఫీల్డ్స్, పట్టు నేసేవాళ్ళ పేట. ఇండియా గుడ్డ వచ్చి మా నోటికాడ కూడు లాక్కుంటోందని 1697లో కంపెనీ ఆఫీసు మీదకి దండెత్తారు. అక్కడ కూలి చవక, మేం పోటీ పడలేం అన్నది వాళ్ళ వాదన. ఈ డైలాగు ఎక్కడో విన్నట్టుందా? పార్లమెంటు 1700లో చట్టం చేసి రంగుల అద్దకాల దిగుమతిని ఆపింది, తెల్లగుడ్డ మాత్రం రావచ్చంది. దాంతో ఆ తెల్లగుడ్డ మీద లండన్ లోనే అద్దడం మొదలుపెట్టారు. నేతగాళ్ళకి మళ్ళీ ఒళ్ళు మండింది. 1719లో అద్దకం గుడ్డ కట్టుకుని వీధిలో కనిపించిన ఆడవాళ్ళ బట్టలు చింపేశారు, వాటి మీద సిరా, యాసిడ్ పోశారు. 1721లో అసలు కట్టుకోవడమే నేరమని ఇంకో చట్టం. అది పూర్తిగా పోయింది 1774లో. ఆలోపు అద్దకం పని వాళ్ళూ నేర్చేసుకున్నారు, తర్వాత మరమగ్గాలూ వచ్చాయి, కథ తిరగబడింది. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో కంపెనీకి ఒక ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఊరి పేరు మీదే ఒకరకం సన్న గుడ్డని మాదాపోలం అనేవారు. తర్వాత లాంకషైర్ మిల్లులు అదే పేరుతో గుడ్డ నేసి మనకే అమ్మాయి. పేరుతో సహా కేటీ అయిపోయిందన్నమాట.

ఇందులో సగం ఆయన చెప్పింది, సగం నేను తర్వాత చదువుకున్నది. ఆయన చెప్పినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది వేరే. వాళ్ళ నాన్న లండన్ డాక్స్ లో కూలీ. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, మేస్త్రీ వచ్చి చెయ్యి చూపించినవాళ్ళకే ఆ రోజు పని. మన ఊళ్ళలో అడ్డా మీద నిలబడే కూలీల్లాగే. గంటకి ఆరు పెన్నీలు ఇమ్మని 1889లో ఐదు వారాలు సమ్మె చేసి గెలిచారు, కానీ ఆ గేటు దగ్గర నిలబడే పద్ధతి పోవడానికి 1967 దాకా పట్టింది. అదే ఏడు ఈస్ట్ ఇండియా డాక్ మూతపడింది. కంటెయినర్లు వచ్చాయి, ఓడలు పెద్దవైపోయాయి, పని టిల్బరీకి, సముద్రం వైపుకి పోయింది. మరో రెండేళ్ళలో లండన్ డాక్స్ పోయాయి. 1980లో వెస్ట్ ఇండియా డాక్స్, అంటే మేమిద్దరం పక్కపక్కన కూర్చుని కోబాల్ చూస్తున్న కానరీ వార్ఫ్. "మా నాన్న మూటలు మోసిన సరుకు మీ ఊరిదే అయ్యుంటుంది, నాకు చదువు చెప్పించింది ఈ పని చెయ్యకూడదనే" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. నిజానికి ఏదన్నా అందామని రెండుసార్లు నోరు తెరిచాను. మాదీ ఎప్పటికీ ఉండే పని కాదు, రేపు మాకంటే చవగ్గా చేసేవాడు వస్తాడు అందామనిపించింది. అది ఓదార్పు అవుతుందో, ఎగతాళి అవుతుందో తెలీలేదు. ఆయనే లేచి ఇంకో రౌండు తెచ్చాడు. పబ్బులో రౌండుకి రౌండు తిరిగి కొనాలన్న రివాజు నాకప్పటికి తెలీదు. ఆ సాయంత్రం మొత్తం ఆయన డబ్బులే ఖర్చయ్యాయి. నా పర్ డియమ్ నా జేబులోనే భద్రంగా ఉంది. తర్వాత ఎవరో చెప్తే తెలిసి సిగ్గేసింది. సోమవారం వెళ్ళి ఈసారి నేను కొంటానన్నాను. చూద్దాంలే అన్నాడు. మిగిలిన మూడు వారాలూ పని హడావిడిలో పోయాయి. ఆరో వారం సంతకం పెట్టాను. ఆయన చేత్తో రాసుకున్న నోట్సు పుస్తకాలు మూడు నాకిచ్చి, "ఇయర్ ఎండ్ రన్ లో పేజీ 40 చూసుకో, అక్కడ అందరూ బోల్తాపడతారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. డిసెంబర్ 31 రాత్రి హైదరాబాద్ లో కూర్చుని మేం సరిగ్గా అక్కడే బోల్తాపడ్డాం. పేజీ 40 మమ్మల్ని కాపాడింది.

2019లో ఇంకో పని మీద వెళ్ళినప్పుడు ఒక్కణ్ణే వాపింగ్ వెళ్ళాను. ఆ గిడ్డంగులన్నీ ఇప్పుడు అపార్ట్ మెంట్లు. ఈస్ట్ ఇండియా స్టేషన్ లో దిగితే లవంగం వీధి, జాజికాయ సందు, కుంకుమపువ్వు అవెన్యూ అని పేర్లు మాత్రం మిగుల్చుకున్నారు. మీరు వెళ్తే 'టౌన్ ఆఫ్ రామ్స్ గేట్' పక్క సందులోంచి వాపింగ్ ఓల్డ్ స్టెయిర్స్ దిగండి, కానీ ముందు పోటుపాట్ల టైము చూసుకోండి. లండన్ లో థేమ్స్ ఏడు మీటర్ల దాకా లేస్తుంది, కింది మెట్లు పాచిపట్టి జారుతుంటాయి. బురదలో దొరికే పాత పింగాణీ పెంకులు ఏరాలని చెయ్యి పెట్టకండి, దానికి పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ కావాలి. నేను అరగంట నిలబడి, పోటు రెండో మెట్టుకి రాగానే పైకొచ్చేశాను.