గుడి మాన్యానికి యజమాని ఎవరు?

దర్శి, ముండ్లమూరు ప్రాంతాలకు వాయవ్యంగా, నల్లమల అంచున, ఒక కొండమీద త్రిపురాంతకేశ్వరాలయం ఉన్నది. శ్రీశైలానికి ఇది తూర్పు ద్వారమని ప్రసిద్ధి. భక్తులకు ఇది పుణ్యక్షేత్రం. భూమి చరిత్ర చదివేవారికి మాత్రం దస్తావేజుల భాండాగారం. ఆ దస్తావేజులు కాగితంమీద గాక రాతిమీద ఉన్నవి.

1290లో కాయస్థ అంబదేవుడు ఇక్కడ ఒక దీర్ఘ శాసనం వేయించి తన విజయాలన్నీ ఏకరువు పెట్టినాడు. అతని వంశం గణపతిదేవుని కాలం నుంచి కాకతీయుల కొలువులో ఉండి ఈ సీమలు ఏలినది. అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగుబాటు చేసి స్వతంత్రుడైనాడు. ఆమె 1289లో మరణించినట్లు చందుపట్ల శాసనం వల్ల తెలుస్తున్నది. 1291లో ప్రతాపరుద్రుని సేనాని ఇందులూరి అన్నయ ఇదే ఆలయంలో తన శాసనం వేయించినాడు. అనగా సీమ మళ్ళీ కాకతీయుల వశమైనదన్నమాట. అయినా ఓడినవాని రాతిని గెలిచినవాడు పగులగొట్టించలేదు. అది నేటికీ చదవడానికి దొరుకుతున్నది.

ప్రభువు ఇట్లా మారినప్పుడు గుడి మాన్యం ఏమవుతుంది? దీనికి జవాబు చెప్పాలంటే, దానంలో రాజు ఇచ్చినదేమిటో ముందు తేల్చుకోవాలి. పంటలో ప్రభువుకు చెందే భాగం మేలువారం. దున్నే రైతుకు చెందేది కుడివారం. రాజు తన మేలువారాన్ని దేవునికి ధారపోస్తే, రైతు నిన్న రాజుకు కొలిచిన ధాన్యాన్ని నేటినుంచి గుడికి కొలుస్తాడు. పొలం మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. ఆ పొలం కూడ రాజుదే అయి, దానినే ఇచ్చివేస్తే సంగతి వేరు. అగ్రహార శాసనాలలో నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలు వరుసగా కనబడతవి. భూమిలో దొరికే నిధినుంచి ముందు రాబోయే ఆదాయం వరకు అన్నీ చెప్పిన ఆ జాబితాలో, దున్నే రైతు హక్కు ఏమైనదో విడిగా చెప్పిన మాట లేదు. తరువాతి తగాదాలకు మూలం ఇదే.

దానంగా వచ్చిన గ్రామాన్ని గుడి, మఠం ఎట్లా నడిపినవో త్రిపురాంతకంలో శాఖ ఉన్న గోళకీ మఠం చరిత్ర చెబుతుంది. ఈ మఠాచార్యుడు విశ్వేశ్వర శంభువు గణపతిదేవునికి దీక్షాగురువు. ఆయనకు కృష్ణాతీరంలో మందడం, వెలగపూడి గ్రామాలు లభించినట్లు 1261 నాటి మల్కాపురం శాసనం తెలుపుతుంది. ఆయన అక్కడ గుడి, మఠం, సత్రం కట్టించి, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కూడ ఆదాయం కేటాయించినాడు. బోధకులకు, వైద్యునికి, కరణానికి ఎవరి భాగం వారికి నిర్ణయించినాడు. మఠం మూలపురుషునికి కలచురి రాజు మూడు లక్షల గ్రామాలు ఇచ్చినాడని కూడ ఆ శాసనమే అంటుంది గాని, అది నమ్మవలసిన లెక్క కాదు.

ఈ శాసనాలలో భూమి కొలత పుట్టి. ఇరవై తూములు ఒక పుట్టి. పుట్టెడు గింజలు చల్లడానికి పట్టే నేల పుట్టెడు నేల. కనుక నేల సారాన్ని బట్టి విస్తీర్ణం మారుతుంది. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే లెక్కలలోని 'హైడ్' కూడ ఇటువంటిదే: అది స్థిరమైన విస్తీర్ణం కాదు, పన్ను కట్టడానికి ఏర్పరచిన పరిమాణం. అయితే అక్కడ మేనరు ప్రభువుకు తన గ్రామపు చర్చిలో ఫాదిరీని నియమించే హక్కు కూడ ఆస్తిగా ఉండేది. మేనరుతోపాటు దానిని అమ్మేవారు, వారసులకు ఇచ్చేవారు. మన ధర్మశాస్త్రంలో దేవుడే ఆస్తికి స్వామి. ధర్మకర్త కేవలం నిర్వాహకుడు. ఆచరణలో నిర్వాహకులు యజమానులైన సందర్భాలు లేకపోలేదు.

కాకతీయుల తరువాతి కాలాన్ని క్లుప్తంగా చెప్పవచ్చు. విజయనగరం, గోలకొండ, మొగలాయి, నిజాం ప్రభుత్వాలు వరుసగా వచ్చినవి. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చివేయగా, వాటితో మార్కాపురం సీమ కూడ పోయినది. 1817లో కంపెనీ దేవాదాయాల అజమాయిషీ చేపట్టినది. 1863 చట్టంతో ప్రభుత్వం ఆ బాధ్యత వదులుకొన్నది. ఈ మధ్యలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ పని మాత్రం తరతరాలకు నిలిచినది. మాన్యం ఎవరిది, ఏ సేవకు, ఎంత విస్తీర్ణం అని విచారించి రిజిస్టరులో ఎక్కించి, హక్కు పత్రం ఇచ్చినారు.

1908లో మద్రాసు ఎస్టేట్స్ లాండ్ చట్టం ఎస్టేటు రైతుకు సాగుభూమిపై శాశ్వతహక్కు ఇచ్చినది. ఇనాం గ్రామానికి మాత్రం ఒక షరతు పెట్టినది: ఇనాందారుకు మేలువారం ఒక్కటే ఇచ్చి ఉంటేనే అది ఎస్టేటు. రెండు వారాలూ ఇచ్చి ఉంటే ఆ చట్టం రక్షణ రైతుకు లేదు. ఇనాం అనగానే మేలువారం మాత్రమేనని ఊహించరాదని 1918లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పినది. దానివల్ల, తాత ముత్తాతలనుంచి దున్నుతున్న రైతు కూడ ఎన్నడో వ్రాసిన దానపత్రం అర్థాన్ని కోర్టులో రుజువు చేయవలసి వచ్చినది. 1936 సవరణతో పూర్తి ఇనాం గ్రామాలన్నీ ఎస్టేట్లైనవి. 1956 ఇనాంల రద్దు చట్టం ప్రకారం, భూమి రైత్వారీ గ్రామంలోనిదా, ఇనాం గ్రామంలోనిదా, అనుభవదారు సంస్థయా కాదా అని తాసీల్దారు విచారించి తేల్చాలి. పట్టా ఎవరికో ఆ తరువాత నిర్ణయమవుతుంది.

నేడు దేవాలయ భూములపై 1987 నాటి ధర్మాదాయ చట్టం అమలులో ఉన్నది. తగాదా వస్తే న్యాయస్థానం ముందుగా చూసేది ఇనాం రిజిస్టరును. రాతిమీద చెక్కిన ఎల్లలు వాగులు, చెట్లు, పుట్టలు. వాటిని సర్వే నంబర్లతో సరిపోల్చడం కష్టం.